పాత నాణెం దొరికిందా? తోమకండి, తొందరపడకండి!

పోపుల డబ్బా అడుగున, దేవుడి గూట్లో, అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో... ఎక్కడో ఒకచోట నాలుగు పాత నాణేలు లేని ఇల్లు ఉండదేమో! "పాత బిళ్ళకి లక్షలిస్తారట" అని పక్కింటావిడ అనగానే మీకూ ఆశ పుడుతుంది. ఆశపడటం తప్పు కాదు. అయితే మీ చేతిలో ఉన్నది విలువైనదో, ఉత్త చిల్లరో ముందు మీరే ఓ అంచనాకు రావచ్చు.

పాతదైతే చాలదు

నాణేనికి ధర వయసును బట్టి రాదు. ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలంటున్నారు అన్నదే లెక్క. 1943-47 మధ్య వచ్చిన చిల్లుకాణీనే చూడండి. చూడ్డానికి వింతగా ఉన్నా, కోట్లలో ముద్రించారు కనుక మామూలుగా పెద్ద ధర పలకదు. 1862 అని ఉన్న విక్టోరియా రాణి రూపాయి కూడా అంతే. 1874 దాకా అదే సంవత్సరం వేసి ముద్రించారు మరి! కొన్ని రకాలు తప్ప మిగతావి దొరుకుతూనే ఉంటాయి. అదే ఆరో జార్జి బొమ్మతో 1939 నాటి రూపాయి చాలా అరుదు. అందుకే దానికి నకిలీలూ ఉన్నాయి.

చిన్న గుర్తు, పెద్ద తేడా

స్వతంత్రం వచ్చాక ముద్రించిన నాణేలైతే సంవత్సరం కింద భూతద్దంతో చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది. డైమండ్ గుర్తు ముంబైది, చిన్న చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే ఏడాది నాణెం ఒక టంకశాలలో ఎక్కువగా, మరోచోట తక్కువగా ముద్రించి ఉండొచ్చు. ధరలో తేడా అక్కడే వస్తుంది.

వెండేనా?

1835 నుంచి 1939 దాకా వచ్చిన బ్రిటిష్ రూపాయిలో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. 1940 నుంచి 1945 దాకా వెండి సగమే. 1947 రూపాయి నికెల్‌ది. అయస్కాంతం దగ్గర పెడితే నికెల్ అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. అతుక్కోనంత మాత్రాన వెండి అనుకోకండి, తూకం కూడా వేయించండి.

తోమారో, పోయినట్టే!

చింతపండు, పీతాంబరి పొడి, ముగ్గు... వీటితో నాణేన్ని తళతళలాడించకండి. కాలం తెచ్చిన ఆ నలుపే సేకరించేవారికి ముద్దు. తోమితే సన్నని గీతలు పడి విలువ పడిపోతుంది. మెడలో వేసుకోవడానికి కొండీ అతికించిన రూపాయికి చాలావరకు వెండి ధరే మిగులుతుంది. నాణేన్ని అంచులు పట్టుకుని చూసి, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవరులో దాచండి.

మోసపోకండి

రాముడి బొమ్మో, హనుమంతుడి బొమ్మో ఉండి, ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి ఉన్న బిళ్ళలు కంపెనీ చెలామణీకి ముద్రించినవి కావు. పూజలో పెట్టుకోండి, తప్పులేదు. లక్షలు పోసి మాత్రం కొనకండి. బియ్యపు గింజల్ని లాగే నాణెం అంటూ ఎవరైనా వస్తే గడప దాటనివ్వకండి!

ఇక ఫోన్లో కొంటామనేవాళ్ళు. "మీ నాణేనికి పది లక్షలు. ముందు ఫీజు, పన్ను కట్టండి" అంటారు. రిజర్వు బ్యాంకు పేరూ వాడతారు. పాత నాణేల అమ్మకాలతో తనకు సంబంధం లేదని, ఏ ఫీజూ అడగనని, తన తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గాని, మీరు వాడికివ్వడమేమిటి?

పెరట్లో తవ్వుతుంటే దొరికిన నాణేల సంగతి వేరు. 10 రూపాయలకు మించిన విలువైన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

అమ్మదలచుకుంటే రెండువైపులా ఫొటోలు తీసుకుని, బరువు రాసుకుని, నాణేల ప్రదర్శనల్లో ఇద్దరు ముగ్గురికి చూపించండి. మొదట చెప్పిన ధరకే ఇచ్చేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళనీ ఓ మాట అడగండి. పెద్ద ధర రాలేదా? పిల్లల్ని కూర్చోబెట్టుకుని రూపాయికి 16 అణాలు, 64 కాణీలని ఆ నాణేలతోనే లెక్క చెప్పండి. మీ అమ్మమ్మ సంసారం ఎలా నడిపిందో వాళ్ళకి అర్థమవుతుంది!