శ్వాననిద్ర

విద్యార్థికి ఉండవలసిన ఐదు లక్షణములలో శ్వాననిద్ర యొకటి యని పెద్దలు చెప్పుదురు. కాకి వంటి ప్రయత్నము, కొంగ వంటి ఏకాగ్రత, మితాహారము, గృహత్యాగము తక్కినవి. పరీక్షలు సమీపించగానే మనలో చాలమంది ఈ మాటకు నిద్ర మానుటయే అర్థమని తలచి, తేనీరు త్రాగుచు తెల్లవార్లు మేల్కొందుము. ఇంతకును కుక్క ఎట్లు నిద్రించునో మనము ఎన్నడైనను గమనించితిమా?

1993లో ఆడమ్స్, జాన్సన్ అను పరిశోధకులు ఆస్ట్రేలియాలో కుక్కల రాత్రి నిద్రను గూర్చి తమ పరిశీలనలను ప్రకటించిరి. సగటున 16 నిమిషములు నిద్ర, 5 నిమిషములు మెలకువ; 8 గంటల రాత్రిలో ఇట్టి ఆవృత్తులు 23. మానవునివలె ఒకే పట్టున నిద్రించక కుక్క కునుకు వెంట కునుకు తీయునన్నమాట. అయితే పగటి కునుకులను కూడ కలిపి లెక్కించినచో, పెరిగిన కుక్క రోజునకు సుమారు 10 నుండి 14 గంటలు నిద్రించును. కూనలకు అంతకన్న ఎక్కువ నిద్ర కావలెను. కావున శ్వాననిద్ర అల్పనిద్ర కాదు. చప్పుడైనంతనే మెలకువ వచ్చు నిద్ర.

ఇక పరుండు తీరును చూతము. పరుండుటకు ముందు కుక్క తానున్న చోటనే రెండు మూడు మారులు తిరుగును. గడ్డిని త్రొక్కి పక్క సిద్ధపరచుకొనిన అడవి పూర్వికుల అలవాటు ఇదియని పలువురి అభిప్రాయము. చలికాలమున శరీరపు వేడి పోకుండ ముక్కును తోకలో దాచి చుట్టుకొని పరుండును. వేసవిలో అదే కుక్క వరండాలోని షాబాదు బండలపై పొట్ట ఆనించి బారగా పరుండును. పాదముల మెత్తలయందు తప్ప దానికి చెమట దాదాపుగా పట్టదు గనుక చల్లని నేలను వెదకుకొనును.

ముందు కాళ్లు చాచి కూర్చున్నట్లు పరుండుట విశ్రాంతియే గాని గాఢనిద్ర కాదు. పవిత్ర ఖుర్‌ఆన్‌లోని 18వ సూరా అల్ కహఫ్‌లో, గుహలో నిద్రించిన యువకుల కుక్క గుమ్మము వద్ద ముందు కాళ్లు చాపుకొని యుండినట్లు వర్ణన కలదు. కావలి కుక్కను చూచినవారికి ఈ భంగిమ సుపరిచితము.

ఒక ప్రక్కకు ఒరిగి కాళ్లు వదలివేసినప్పుడు నిద్ర గాఢమైనదని గ్రహింపవచ్చును. అప్పుడప్పుడు రెప్పల చాటున కనుగ్రుడ్లు కదలును, పాదములు అదరును, సన్నని మూలుగు వినవచ్చును. మానవులకు కలలు అధికముగా వచ్చు దశ వంటిదే ఇది. మనుష్యులలో ఆ దశను అసెరిన్‌స్కీ, క్లీట్‌మన్ అను శాస్త్రజ్ఞులు 1953లో వెల్లడించిరి.

ఇట్టి సమయమున కుక్కను చేతితో తట్టి లేపరాదు. ఉలికిపడి లేచిన కుక్క, ఎదుటనున్నది ఇంటి బిడ్డయే యని గుర్తించకముందే కరవవచ్చును. దూరమునుండి పేరు పెట్టి పిలువవలెను. పిల్లలకు ఈ నియమము తప్పక నేర్పవలెను. కాటు పడినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని చేరి రేబిస్ టీకా విషయమున ఆయన చెప్పినట్లు నడువవలెను. పెంపుడు కుక్కయే గదా యని ఉపేక్షింపరాదు. కుక్క నిద్ర హఠాత్తుగా మారినను, రాత్రులు ఊరక తిరుగాడినను, లేచుటకు కష్టపడినను పశువైద్యునికి చూపవలెను.

కుక్క తనకు కావలసిన నిద్రను ఏ రోజునకు ఆ రోజు పూర్తి చేసికొనును. పిలిచినంతనే చురుకుగా లేచును. మనము రెండవ గుణమును కోరుచు మొదటిదానిని విడిచితిమి. పరీక్షకు ముందటి రాత్రి వేళకు పుస్తకము మూసి పరుండిన విద్యార్థియే పెద్దల మాటను సరిగా పాటించినట్లని మేము భావించుచున్నాము.