విదేశీ కార్యస్థానాన్ని గడువుకు ముందే వీడిన ఉద్యోగి: తిరుగు ప్రయాణ వ్యయం ఎవరిది?

కొత్తగా నియమితుడైన ఉద్యోగిని అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ప్రధాన భూభాగానికి వెలుపల పనిచేయడానికి పంపినప్పుడు, అతని రాకపోకల వ్యయాన్ని యునైటెడ్ స్టేట్స్ కోడ్ 5వ శీర్షికలోని 5722వ సెక్షన్ కింద భరించవచ్చు. వెళ్లడానికి, తిరిగి రావడానికి షరతులు మాత్రం వేరు. ఈ తేడాను గమనించని ఉద్యోగులే తరచుగా చిక్కుల్లో పడతారు.

వెళ్లే ఖర్చు పొందాలంటే కనీసం 12 నెలలు ప్రభుత్వ సేవలో ఉంటానని ఉద్యోగి లిఖితపూర్వకంగా అంగీకరించాలి. ఉల్లంఘిస్తే ఆ సొమ్ము ప్రభుత్వానికి బాకీ అవుతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం సంస్థాధిపతి ముందుగా నిర్ణయించిన కాలం, అంటే 1 నుండి 3 సంవత్సరాల వరకు, పూర్తి కావాలి. ఉపాధ్యాయులకైతే ఈ రెండింటికీ ఒక విద్యా సంవత్సరమే గడువు. కనుక 3 సంవత్సరాల గడువుపై వెళ్లి 18వ నెలలో స్వేచ్ఛగా రాజీనామా చేసినవారు వెళ్లిన ఖర్చు తిరిగి చెల్లించనక్కరలేదు. కాని ఇంటికి టికెట్టు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. గడువు నిండితే మాత్రం వ్యక్తిగత సౌకర్యం కోసం వైదొలగినా చెల్లింపు లభిస్తుంది.

మినహాయింపు ఒక్కటే: కారణం ఉద్యోగి అదుపులో లేనిదై ఉండాలి, అది సంస్థకు ఆమోదయోగ్యం కూడా కావాలి. వివాదమంతా ఈ రెండో మాటలోనే ఉంది. అనారోగ్యం నిజమైనదే అయినా ఆమోదించే విచక్షణ సంస్థదే. ఇటువంటి క్లెయిములను 2007 నుండి సివిలియన్ బోర్డ్ ఆఫ్ కాంట్రాక్ట్ అప్పీల్స్ పరిశీలిస్తున్నది. సంస్థ నిర్ణయం నిరంకుశమైనదని తేలితే తప్ప బోర్డు సాధారణంగా జోక్యం చేసుకోదు.