బుల్లి దేశాలు – వాటి గడపలు

యూరపు ఖండం పటం విప్పి చూస్తే, పెద్ద పెద్ద దేశాల నడుమ ఆవగింజల వంటి చుక్కలు కొన్ని కనిపిస్తాయి. అచ్చుతప్పులేమో అనిపించే ఆ చుక్కలు నిజానికి స్వతంత్ర రాజ్యాలు. వాటికన్ నగరం విస్తీర్ణం 44 హెక్టార్లు, అంటే మన లెక్కలో నూటపది ఎకరాలకు లోపే. మొనాకో సుమారు 2 చదరపు కిలోమీటర్లు, శాన్ మారినో 61, లీఖ్టెన్‌స్టైన్ 160, అన్నింటిలోకి పెద్దదైన ఆండొర్రా 468. ఐదింటినీ కలిపినా 700 చదరపు కిలోమీటర్లు దాటవు.

ఇటీవల మన కుటుంబాలలో అబ్బాయో అమ్మాయో జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రులను చూడరమ్మని పిలవడం మామూలైంది. అంతదూరం వెళ్లినవారు “పక్కనే కదా, ఆ బుల్లి దేశం కూడా చూసి వద్దాం” అనుకోవడం సహజమే. మరి ఈ ఐదు దేశాలకు ఎన్ని వీసాలు కావాలి? ఐదు అనుకుంటే పొరపాటు. అసలేమీ అక్కర లేదనుకుంటే అంతకంటె పెద్ద పొరపాటు. ఒక్కటి చాలు. కాని ఆ ఒక్కటీ ఎటువంటిదన్నదే చూసుకోవలసిన సంగతి.

1985 జూన్ 14న లక్సెంబర్గు దేశంలోని షెంగెన్ అనే పల్లె దగ్గర, మొసెల్ నదిలో నిలిపిన ఓడ మీద ఐదు దేశాల ప్రతినిధులు ఒక ఒప్పందం చేసుకున్నారు. తమ మధ్య సరిహద్దు తనిఖీలు క్రమంగా ఎత్తివేయాలన్నది దాని సారాంశం. ఇప్పుడా కూటమిలో 29 దేశాలున్నాయి. దీనిని మన మండువా లోగిలితో పోల్చవచ్చు. వీధి గుమ్మం దగ్గర మాత్రం ఎవరు, ఏమిటి అని అడుగుతారు. లోపలికి వచ్చాక ఈ గదిలోనుంచి ఆ గదిలోకి ఎవరూ ఆపరు. వీధి గుమ్మం దాటించే చీటీయే షెంగెన్ వీసా. భారతీయులకు అది తప్పనిసరి.

మన బుల్లి దేశాలలో ఈ ఒప్పందంలో చేరినది లీఖ్టెన్‌స్టైన్ ఒక్కటే. అదీ 2011 డిసెంబరు 19న. కాని స్విట్జర్లండుతో దానికి అంతకు చాలాకాలం ముందునుంచే దాపరికం లేని పొరుగుతనం ఉన్నది. రెండింటి మధ్య రైన్ నది హద్దు. వంతెన మీద బస్సు దాటితే దేశం మారినట్టే. నాణెం మాత్రం అదే స్విస్ ఫ్రాంకు. 2007లో సుమారు 170 మంది స్విస్ సైనికులు కవాతు చేస్తూ దారి తప్పి ఈ దేశంలోకి నడిచి వెళ్లారు. 1868 నుంచి సైన్యమే లేని ఆ చిన్న రాజ్యం దానిని దండయాత్రగా భావించకుండా నవ్వి ఊరుకున్నది!

వాటికన్, శాన్ మారినో, మొనాకోలు షెంగెన్ కూటమిలో సభ్యులు కావు. అయినా వాటి గుమ్మాలకు తలుపులు లేవు. 1929 లాటరన్ ఒప్పందంతో ఏర్పడిన వాటికన్‌కు రోము నగరంలోనుంచి కాలినడకన వెళ్లవచ్చు. సెయింట్ పీటర్ చర్చి ముందు సోదా చేస్తారు గాని, అది భద్రత కోసం. వీసా కోసం కాదు. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ఉండాలన్న నియమం మాత్రం ఖచ్చితం. మన చీరకట్టుకు ఆ చిక్కే లేదు. మొనాకోకు ఫ్రాన్సులోని నీస్ నుంచి రైలులో అరగంట కూడా పట్టదు. శాన్ మారినోకు ఇటలీలోని రిమినీ నుంచి బస్సులున్నాయి. అక్కడి టూరిస్టు ఆఫీసులో కొద్ది రుసుము తీసుకుని పాస్‌పోర్టు మీద ముద్ర వేసి ఇస్తారు. అది జ్ఞాపికే గాని అనుమతి పత్రం కాదు.

ఇక అసలు చిక్కు ఆండొర్రాతో. ఫ్రాన్సు, స్పెయిన్‌ల మధ్య పిరనీ కొండలలో ఒదిగిన ఈ దేశానికి ఇద్దరు ప్రభువులు: ఫ్రాన్సు అధ్యక్షుడు, స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్పు. విమానాశ్రయం లేదు, రైలు లేదు. బార్సిలోనా నుంచో తులూజ్ నుంచో రోడ్డు మీద వెళ్లవలసిందే. “మా దేశానికి వీసా అక్కర లేదు” అని ఆండొర్రా అంటుంది. ఆ మాట నిజమే. కాని అది షెంగెన్ లోగిలికి వెలుపలి గది. అందులో అడుగు పెడితే చట్టప్రకారం మీరు వీధిలోకి వెళ్లినట్టే లెక్క. తిరిగి రావాలంటే మళ్లీ వీధి గుమ్మం దాటాలి. మీ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే అది అప్పటికే చెల్లిపోయింది. బయటకు మరో దారి లేని దేశంలో, చెల్లిన వీసాతో, తిరుగు విమానం టిక్కెట్టు బార్సిలోనాలో పెట్టుకుని నిలబడిన పెద్దవాళ్ల స్థితి ఊహించుకోండి! ప్రతిసారీ తనిఖీ ఉండకపోవచ్చు. అయితే అడగరన్న ధైర్యం మీద అమ్మనూ నాన్ననూ తీసుకువెళ్లడం తెలివైన పని కాదు.

కనుక వీసా చేతికి రాగానే ప్రవేశాల సంఖ్య రాసిన గడి చూడండి. అక్కడ 01 అని ఉంటే ఒక్కసారే. 02 గాని, పలుమార్లు అని సూచించే ‘మల్ట్’ గాని ఉంటే ఆండొర్రాకు నిశ్చింతగా వెళ్లవచ్చు. దరఖాస్తులోనే ఆండొర్రా ప్రయాణం రాసి, పలుమార్ల ప్రవేశం కోరడం మంచిది. ఎన్ని రోజులు ఉండవచ్చో కూడా ఆ చీటీ మీదే ఉంటుంది. ఏ 180 రోజులలోనైనా మొత్తం 90 రోజులు మించరాదు. వచ్చిన రోజు, వెళ్లే రోజు కూడా లెక్కలోకి వస్తాయి. రాకపోకలను కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి 2025 అక్టోబరు 12న దశలవారీగా మొదలైంది కాబట్టి లెక్క తప్పితే ఇట్టే తెలిసిపోతుంది.

దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలి? ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికి. రోజులు సమానమైతే ముందు అడుగు పెట్టే దేశానికి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. వీసా నిరాకరించినా తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మన భారతీయులకు 2024 ఏప్రిల్‌లో ఒక మేలు జరిగింది. అంతకు ముందు మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్లపాటు పలుమార్లు వెళ్లివచ్చే వీసా ఇవ్వవచ్చునని నియమం వచ్చింది. పిల్లలను చూడడానికి తరచు వెళ్లే తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఇక చివరి మాట: తనిఖీలు లేవు కదా అని పాస్‌పోర్టు హోటలు గదిలో వదిలి బయలుదేరకండి. బస్సులో నిద్రపోయి లేచేసరికి దేశం మారిపోయే చోట్లు అవి!