ఓబులేసు: ఒక పాత పేరు పుట్టుక, ప్రచారం

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. వల్లూరు, తిరుమణి వంటి ఊళ్ళున్న ఈ తాలూకాలో చాలామందికి ఇంటి మాట తెలుగు, బడి చదువు కన్నడం. ఈ సీమలోనూ, దీన్ని ఆనుకొని ఉన్న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలోనూ పెద్ద వయసువారిలో ఓబులేసు, ఓబులప్ప, ఓబన్న, ఓబులమ్మ, ఓబక్క అనే పేర్లు వినిపిస్తాయి. వాళ్ళ మనుమలు, మనుమరాళ్ళలో ఆ పేర్లు అరుదు. బయటి ఊళ్ళలో చదువుకొనే మన విద్యార్థులు కొందరికి ఇది తాతగారి పేరుగా తెలుసు గాని, అర్థం తెలియదు. ఏదో మోటు పేరని సరిపెట్టుకుంటారు.

ఈ పేరు ఎలా పుట్టింది, ఎందుకు అంతగా వ్యాపించింది, ఎందుకు వెనకబడింది అన్న విషయాలను ఇక్కడ వివరిస్తాము. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము. ఇది అర్థంలేని మాట కాదు. ఒక కుటుంబం ఏ కొండమీది దేవుణ్ణి కొలిచిందో చెప్పే చిరునామా.

మాట పుట్టుక

ఓబులేసు అంటే అహోబలేశుడు. అంటే నంద్యాల జిల్లా నల్లమల కొండల్లోని అహోబిలంలో వెలసిన నరసింహస్వామి. అహోబల, ఈశ అన్న రెండు మాటలు కలిసి గుణసంధితో అహోబలేశ అయింది. వాడుకలో పదాదిని ఉన్న అకారం, దాని పక్కనున్న హకారం జారిపోయి 'ఓబలేశ' మిగిలింది. నడుమనున్న అచ్చు మారి 'ఓబులేశ', శకారం సకారమై, తెలుగు పద్ధతిలో చివర ఉకారం చేరి 'ఓబులేసు' అయింది. చివరనున్న 'ఏసు'ను చూసి క్రైస్తవ నామమని పొరపడనవసరం లేదు. అది 'ఈశ' శబ్దమే.

ఈ మార్పు విడ్డూరమైనది కాదు. సంస్కృతపు హకారం జనవ్యవహారంలో నిలవకపోవడం మనకు అలవాటే. సింహం సింగమైంది, నరసింహుడు నరసింగడయ్యాడు. ఆ దారిలోనే అహోబలం ఓబులమైంది.

క్షేత్రం పేరుకు రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామిని చూసి దేవతలు 'అహో బలం' అన్నారని ఒకటి, స్వామి వెలసిన గుహను బట్టి 'అహో బిలం' అని మరొకటి. వీటిలో ఏది ముందుదన్న చర్చ అలా ఉంచి, మనుషుల పేర్లను గమనించండి. ఓబలేశు, ఓబులేసు, ఓబళయ్య అంటారు గాని 'ఓబిలేసు' అనరు. పేర్లు 'బలం' పక్షానే నిలిచాయి.

ఈ మొదలుకు ప్రాంతాన్ని బట్టి, మర్యాదను బట్టి ప్రత్యయాలు చేరాయి. ఓబయ్య, ఓబన్న, ఓబులరెడ్డి, ఓబులపతి అన్నవి మగవారి పేర్లు. ఓబమ్మ, ఓబులమ్మ, ఓబక్క అన్నవి ఆడవారివి. పావగడ వైపు 'అప్ప' ఎక్కువ. ఒకే ఇంట అన్నదమ్ములందరికీ దేవుడి పేరే పెట్టి పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అని పిలవడం రాయలసీమ ఆచారం. కన్నడంలో ళకారంతో ఓబళేశ, ఓబళయ్య అని రాస్తారు.

రాజుల ఇంట, రైతుల ఇంట

ఒకప్పుడు ఈ పేరు మోటు పేరు కాదు. 1529 నుంచి 1542 వరకు విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల తల్లి పేరు ఓబాంబిక. చిత్రదుర్గ పాలెగాళ్ళలో ఓబన్న నాయకుడున్నాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో ఆయన వెంట నిలిచినవాడు వడ్డె ఓబన్న. పండితుల ఇళ్ళలో పేరు పూర్తి రూపంలోనే ఉండిపోయింది. 17వ శతాబ్దంలో ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్య రాసిన గాలి అహోబల పండితుడి పేరూ ఇదే. అహోబలుడు, ఓబన్న వేరువేరు పేర్లు కావు. ఒకటి గ్రంథాల్లో నిలిచిన రూపం, ఒకటి నోట నలిగిన రూపం.

ఇంత వ్యాప్తికి కారణాలు రెండు కనిపిస్తాయి. మొదటిది రాజాదరణ. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో, 1515లో, అహోబిలాన్ని దర్శించి కానుకలిచ్చినట్లు అక్కడి శాసనం చెబుతుంది. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారింది. పెనుకొండ పావగడకు పొరుగుసీమే. రెండవది, మా దృష్టిలో ఇంకా బలమైనది, పారువేట ఉత్సవం. ఏటా సంక్రాంతి పండుగల్లో కనుమనాడు స్వామి పల్లకి కొండ దిగి, సుమారు 40 రోజులపాటు 30కి పైగా పల్లెలు తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెండ్లాడిన దేవుడు కనుక చెంచులు ఆయన్ను తమ అల్లుడంటారు. ఇలా ఊరికి, వాకిటికి వచ్చే దేవుడి పేరు ఒక కులానికే పరిమితం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఊళ్ళ పేర్లూ సాక్ష్యమిస్తాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఓబులదేవరచెరువు, రైల్వేకోడూరు దగ్గరి ఓబులవారిపల్లె, బళ్ళారి సరిహద్దున ఉన్న ఓబుళాపురం చూడండి. ఉరవకొండ దగ్గర పెన్న ఒడ్డున పెన్నహోబిలమే ఉంది.

ఇక్కడ మరొక విషయం చెప్పుకోవాలి. సింహాచలం అన్న పేరు వింటే ఉత్తరాంధ్ర గుర్తుకొస్తుంది, యాదగిరి అంటే తెలంగాణ, కదిరప్ప అంటే కదిరి, ఓబులేసు అంటే రాయలసీమ. నలుగురి దేవుడూ నరసింహుడే. పేరు మాత్రం ఏ కొండ నరసింహుడో, ఆ మనిషి ఏ సీమవాడో చెబుతుంది. అందుకే దీన్ని చిరునామా అన్నాము.

పేరు వెనకబడిన తీరు

ఇరవయ్యవ శతాబ్దంలో బడి, పట్నం, సినిమా వచ్చాక పేర్ల రుచి మారింది. బడి పట్టీలో ఓబులేసు నరసింహులయ్యాడు, లేదా 'ఏశ్' చివరగల కొత్త పేరు తెచ్చుకున్నాడు. నాటకాలు, సినిమాలు ఈ పేరును పనివాడికో అమాయకుడికో తగిలించి నవ్వించాయి. నవ్వుకు గురైన పేరును బిడ్డకు పెట్టడానికి తల్లిదండ్రులు జంకడం సహజమే. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

అయితే సరిహద్దుకు అవతల పక్క చూడండి. 1779లో హైదర్ అలీ వశమైన చిత్రదుర్గంలో, కోట సందులోంచి దూరివచ్చే సైనికులను రోకలితో మోది చంపిన వీరనారిగా 'ఒనకె ఓబవ్వ'ను కన్నడ ప్రజలు తలచుకుంటారు. ఒనకె అంటే రోకలి. 1972లో వచ్చిన 'నాగరహావు' చిత్రంలో జయంతి ఆమె పాత్ర ధరించారు. 2021 నుంచి నవంబరు 11న కర్ణాటక ప్రభుత్వం ఓబవ్వ జయంతి జరుపుతున్నది. ఆ పేరు కూడా ఈ మొదలుకు చెందినదే అనడానికి ధ్వని పరిణామం అనుకూలంగా ఉంది. ఒక భాషలో విగ్రహానికెక్కిన పేరు మరొక భాషలో నవ్వుల పాలయిందంటే, లోపం పేరులో లేదని గ్రహించవచ్చు. రెండు భాషల నడుమ పెరిగిన పావగడ విద్యార్థికి ఈ సంగతి ఇతరులకంటే తేలికగా తెలుస్తుంది.

కాగితాలలో పేరు

పేరు మారడం కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. వల్లూరుతో సహా 5 ఊళ్ళకు చెందిన సుమారు 13,000 ఎకరాలలో పావగడ సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. అక్కడ భూమిని కొనలేదు, రైతుల నుంచి గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి రూ. 21,000తో గుత్త మొదలయింది.

గుత్త సొమ్ము పేరును బట్టి వస్తుంది. కన్నడ పహణిలో తండ్రి పేరుకు ముందు 'బిన్', భర్త పేరుకు ముందు 'కోం' అని రాస్తారు. పహణిలో 'ఓబులప్ప', ఆధార్‌లో 'ఓబళేశ్', కొడుకు బడి పత్రంలో తండ్రి పేరు 'నరసింహప్ప' అని ఉందనుకోండి. ముగ్గురూ ఒకరేనని ఇంట్లో అందరికీ తెలుసు. కాగితానికి తెలియదు. వారసత్వం నిరూపించవలసి వచ్చినప్పుడు ఇటువంటి తేడాయే అడ్డుపడుతుంది. పేరు మార్చుకోవచ్చు, కాని మార్చినట్లు రాతలో ఉండాలి.

విద్యార్థులకు ఒక పని

మీ ఊరి ఓటర్ల జాబితా తీసుకోండి. 60 ఏళ్ళు దాటినవారు, 35 నుంచి 60 లోపు వారు, 35 లోపు వారు అని మూడు వరుసలు చేసి, ఓబు మొదలుగల పేర్లు ఎన్నో లెక్కించండి. తండ్రి లేక భర్త పేరు గడి చూస్తే ఇంకొక తరం దొరుకుతుంది. అంకెలు చాలు, ఎవరి పేరూ బయటపెట్టనక్కరలేదు. తరువాత ఇంట్లో అవ్వను అడగండి: ఆ పేరు ఎవరు పెట్టారు, మొక్కు ఏమిటి, ఆ కొండకు ఎవరైనా వెళ్ళివచ్చారా? జాబితా ఎప్పుడు అడిగినా దొరుకుతుంది. అవ్వ చెప్పే జవాబు అలా కాదు కనుక ముందు ఆమె దగ్గరకే వెళ్ళమని మా మనవి.