పోయిన ఫిల్ము

తెలుగునాట చిత్రకారుడు కెమెరా చేపట్టుట యన్నచో బి. నరసింగరావు పేరు ముందుగా స్ఫురించును. 1983లో ఆయన ‘రంగుల కల’ తీసి, అందలి చిత్రకారుని పాత్రను తానే ధరించెను. అయినను దానికి కథ గలదు, పాటలు గలవు. ఇవి యేవియు లేని ఫిల్మును, బజారుతో పనిలేక, చిత్రకారుడు తన పనిగదిలోనే తీయబూనుట మన దేశమున అంతకు పుష్కరమునకు పైగా ముందే బొంబాయిలో జరిగినది.

1969లో చిత్రకారుడు అక్బర్ పదమ్సీకి జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్పు లభించెను. ఆ ధనముతో తన బొమ్మలు తాను వేసికొని యూరకుండక ఆయన ‘విజన్ ఎక్స్చేంజ్ వర్క్‌షాప్’ అను కార్యశాలను నెలకొల్పెను. చిత్రకారులు, సినిమావారు, ఒక మానసిక విశ్లేషకుడు కూడ అచట కూడిరి. అప్పటికి ఇరువది మూడేండ్ల యువతియైన నళినీ మలానీ ఇండ్ల నమూనాను కట్టి, దానిపై రంగుల వెలుగులు ప్రసరింపజేసి ‘డ్రీమ్ హౌసెస్’ తీసెను.

పదమ్సీ తీసిన ‘సిజిజీ’లో మనుష్యుడు లేడు, మాట లేదు, గీతలు, చుక్కలు మాత్రమే కదలుచుండును. పున్నమి, అమావాస్యలందు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసను నిలుచుటకు ఖగోళశాస్త్రమున అది పేరు. యానిమేషను నిపుణుడు రాంమోహన్ తోడ్పాటుతో వేయి వరకు బొమ్మలు సిద్ధమైనవి. కర్మన్‌ఘాట్ బడిపిల్లవాడు నోటుబుక్కు అంచున చుక్కను పుటకొక పిసరు జరుపుచు వేసి, పుటలను చరచర త్రిప్పినచో ఇందలి కిటుకు వానికి బోధపడును. కథకై కూర్చున్న ప్రేక్షకుడు విసిగి లేచిపోయినచో నేనతనిని నిందింపను.

మరియొక ఫిల్ము పేరు ‘ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చేంబర్’. సి.టి.ఆర్. విల్సనుకు 1927లో నోబెల్ బహుమానము తెచ్చిన పరికరమే ఈ క్లౌడ్ చేంబర్. ఆవిరి నిండిన పెట్టెలో విద్యుదావేశము గల కణము పరుగిడినచో దాని వెంట సన్నని మంచుచార యేర్పడును. కణము కంటికి కానరాదు. అది పోయిన జాడయే కానవచ్చును.

పదమ్సీ తన వర్ణచిత్రమొకదానిని రంగుల వెలుగుగా మార్చి ఆ ఫిల్మును తీసెను. ఆ రోజులలో ఊరూర ఆడు చిత్రమునకు పెట్టెలు పదులకొలది తయారగుచుండెను. ఒకటి పోయినను మరొకటి దక్కుటకు వీలుండెను. దీనికున్నది ఒక్క ప్రతి. అది పోయెను. 1972 నాటికి కార్యశాలయు ముగిసెను.

2016లో దర్శకుడు ఆషిమ్ అహ్లూవాలియా, ఎనుబది యేండ్లు దాటిన పదమ్సీతో కూర్చుండి, ఆయన జ్ఞాపకము ఆధారముగా, పోయిన ఆ ఫిల్మును మరల తీయ యత్నించి, అదే పేరుతో ఒక చిత్రమును వెలువరించెను. 2020 జనవరిలో పదమ్సీ మరణించెను.