వార్తల్లో పదం: రివర్‌ఫ్రంట్

మురికికూపంగా మారిన నదిని శుభ్రపరిచి, దాని గట్లను జనం నడిచే, సేదతీరే చోటుగా తీర్చిదిద్దడమే రివర్‌ఫ్రంట్ అభివృద్ధి. హైదరాబాద్‌లో ఇది మూసీ నది కథ. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, ఐటీ కారిడార్‌ను ఆనుకున్న నార్సింగి నుంచి గౌరెల్లి దాకా సుమారు 55 కిలోమీటర్లు నగరంలో పారుతుంది. 1908 సెప్టెంబరు వరద వేలమందిని బలిగొంది. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వరద భయం తగ్గింది కానీ, పెరిగిన నగరం తన మురుగంతా నదిలోకే వదిలింది.

2017లో మూసీ రివర్‌ఫ్రంట్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2024లో నదీగర్భంలోని ఇళ్లను ఖాళీ చేయించేందుకు వాటి గోడలపై ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ గుర్తులు వేశారు. ఖాళీ చేసినవారికి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కేటాయించారు. పని, పిల్లల బడి దూరమవుతాయని చాలామంది ఆందోళనకు దిగారు.

ఇలాంటి అభివృద్ధికి సియోల్ ఒక నమూనా. అక్కడ ఫ్లైఓవర్ కూల్చి, దాని కింద కప్పేసిన వాగును 2005లో తిరిగి తెరిచారు. ఆ నమూనా చూసేందుకు ఇక్కడి బృందాలూ వెళ్లాయి. అయితే మురుగును శుద్ధి చేయకుండా గట్టుపై ఎన్ని హంగులు చేసినా ఫలితం ఉండదు. ముందు నీళ్లు బాగుపడాలి, ఇల్లు వదిలినవారి బతుకూ నిలబడాలి.