ముర్గీ చౌక్‌లో తుమ్మే కోడి

లాడ్ బజార్‌లో లక్క గాజుల బేరం తెగాక చార్మినార్‌ను వెనక వదిలి పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో నిజాం ప్రధాని అస్మాన్ జా కట్టించిన గడియారం బురుజు అక్కడే ఉంది. జనం నోట మాత్రం అది ముర్గీ చౌక్. బతికున్న కోళ్లకు, పావురాలకు, పందెం ఆడే అసీల్ పుంజులకు పాతబస్తీలో పేరుపడ్డ చోటు. కొనేవాళ్లు కోడి బరువు చూస్తారు, కాళ్లు చూస్తారు, రొమ్ము నొక్కి చూస్తారు. ఊపిరి వినేవాళ్లు తక్కువ.

వినాల్సింది అదే. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, ఫారాల్లో పొట్టిగా ‘ఐబీ’, సోకిన ఒకటి ఒకటిన్నర రోజుల్లోనే బయటపడుతుంది. తుమ్ములు, ముక్కు కారడం, గొంతులో గురగుర. అనుభవమున్న రైతు రాత్రి దీపాలార్పి షెడ్డులో కాసేపు నిలబడతాడు. కోళ్లు సద్దుమణిగాక ఆ గురక తెలుస్తుంది. ఒక కోడికి వచ్చిందంటే మందలో దాదాపు అన్నిటికీ వచ్చినట్టే. ఇక్కడే చాలామంది కొక్కెర తెగులని పొరబడతారు. కొక్కెరలో మెడ తిరగడం, కాళ్లు పడిపోవడం కూడా కనిపించవచ్చు. ఐబీలో అవి ఉండవు. అయితే మొదటి రెండు రోజుల్లో తేడా చెప్పడం కష్టం, ల్యాబ్ పరీక్షే తేల్చాలి. దుకాణంలో దొరికే యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. వెనకాలే దూరే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా మీదే దాని ప్రతాపం.

పెద్ద కోళ్లు దగ్గుతోనే చచ్చేది తక్కువ. నష్టమంతా గుడ్డులో ఉంది. లేయర్లలో ఉత్పత్తి పడిపోతుంది. పెంకు ముడతలు పడి పలచనవుతుంది, తెల్లసొన నీళ్లలా జారుతుంది. తగ్గాక కూడా కొన్ని మందలు పాత లెక్కకు రావు. ఇంతకన్నా ఘోరం మొదటి వారాల్లోనే సోకడం. పిల్లలో గుడ్డు నాళం అప్పుడే పాడైపోతుంది, పైకి ఏమీ తెలియదు. పెట్ట ఎర్రటి జుట్టుతో నిగనిగలాడుతూ ఎదుగుతుంది, గూట్లో కూర్చుంటుంది, లేస్తుంది. గుడ్డు మాత్రం ఉండదు. మేత దగ్గర ఏ లోటూ చేయదు.

ఈ వైరస్‌లో కొన్ని రకాలు మూత్రపిండాలను పట్టుకుంటాయి. అప్పుడు మరణాలు పెరుగుతాయి. మన దేశంలో అలాంటి కొత్తరకం ఒకటుందని 2005లో పుణెలోని కోళ్ల వ్యాధుల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పరిశోధన చూపింది. ఆ కేంద్రం వెంకటేశ్వర హేచరీస్‌ది. 1971లో ఆ సంస్థను పెట్టింది మన తెలుగువాడు బండా వాసుదేవరావు.

అసలు ఈ జబ్బును మొదట రాసిపెట్టింది 1931లో, అమెరికాలోని నార్త్ డకోటాలో. దీన్ని తెచ్చేదీ ఒక కొరోనా వైరసే. కొరోనా వైరస్‌లకు ఆ పేరు పెట్టింది 1968లో, ఆ కుటుంబంలో ముందుగా తెలిసింది ఈ కోళ్ల వైరసే. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కొరోనా వస్తుందన్న పుకారు లేచింది. ధరలు కుప్పకూలాయి. హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపాల్సి వచ్చింది. కోడికి సొంత కొరోనా ఉందన్నది నిజం. అది మనిషికి రాదన్నదీ అంతే నిజం. పుకారుకు మొదటి సగం తెలిస్తే ఇంకెంత గోల చేసేదో.

టీకా ఉంది, దశాబ్దాలుగా ఉంది. అందరికీ తెలిసిన హెచ్120 అనేది మసాచుసెట్స్ రకం వైరస్‌ను కోడిగుడ్లలో మళ్లీమళ్లీ పెంచి బలహీనం చేసినది. చిక్కేమిటంటే ఈ వైరస్ తన పైనున్న ముల్లు ప్రొటీన్‌ను ఊరికే మార్చుకుంటూ ఉంటుంది. ఒక కోడిలో రెండు రకాలు కలిస్తే వాటి నుంచి మూడోది పుట్టవచ్చు. మసాచుసెట్స్ టీకా వేసిన మందకు వేరే రకం సోకితే రక్షణ సగమే దక్కవచ్చు. అలాగని దొరికిన ప్రతి కొత్త రకం టీకా తెచ్చి గుమ్మరించడం మంచిది కాదు. అది బతికున్న వైరస్, మన దగ్గర లేని రకాన్ని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. ఊళ్లో తిరుగుతున్న రకమేదో తేల్చుకున్నాకే ఎంపిక.

సరైన టీకాను కూడా చేతులారా పాడుచేయవచ్చు. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లలో కలిపితే కోడి తాగేలోపే వైరస్ చచ్చిపోతుంది. అందుకే క్లోరిన్ లేని నీళ్లు వాడి, కాస్త పాలపొడి వేస్తారు. ముందు గంటో రెండు గంటలో నీళ్లు ఆపితే అన్నీ ఒక్కసారి తాగుతాయి. ఫ్రిజ్ బయట ఎండలో కూర్చున్న సీసాకు ఏ జాగ్రత్తా పనికిరాదు. హేచరీలోనే మొదటి రోజు స్ప్రే చేయించడం మేలు. లేయర్లకు గుడ్లు మొదలయ్యే ముందు చంపిన టీకా ఇంజెక్షన్ ఇస్తారు.

నా లెక్కలో టీకా కన్నా ముందు చూడాల్సింది క్రేటును. ఫారం నుంచి కోళ్లతో మార్కెట్‌కు వెళ్లిన క్రేటు ఎన్నో ఊళ్ల కోళ్ల పక్కన ఉండి, రెట్టతో తిరిగి అదే షెడ్డుకొస్తుంది. పక్కింటి ఫారం వైరస్‌ను కూడా మోసుకొస్తుంది. ఈ వైరస్ నిజానికి పిరికిది, మామూలు క్రిమిసంహారకాలకే చస్తుంది. కానీ ఎండిన రెట్టమీద మందు చల్లితే మందే వృథా. ముందు కడగాలి, తర్వాత చల్లాలి. అన్ని వయసుల కోళ్లను ఒకే ఆవరణలో పెంచితే పెద్దవాటి నుంచి పిల్లలకు నిరంతరంగా పాకుతూనే ఉంటుంది. ఒక బ్యాచ్ మొత్తం ఎత్తేసి, షెడ్డు ఖాళీగా ఉంచి, తర్వాతే కొత్త పిల్లలను దించాలని చెప్పేది అందుకే. అద్దె, అప్పు కట్టే రైతుకు ఖాళీ షెడ్డు కంటికి నచ్చదు, అది వేరే సంగతి.

నాటుకోడికి జబ్బులు రావన్నదొక ధీమా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెరటి కోళ్లకైనా, లక్షల విలువ చేసే అసీల్ పుంజుకైనా శ్వాసనాళం ఒక్కటే. ఐబీకి జాతిభేదం తెలియదు.

కూరకు కొనేవాళ్లకు దీనితో భయం లేదు. పెంచుకోవడానికి కొంటే మాత్రం ఇంట్లో ఉన్న కోళ్లతో వెంటనే కలపకండి. కనీసం మూడు వారాలు వేరే చోట, వేరే నీళ్లగిన్నెతో ఉంచండి. కోలుకున్నాక కూడా కొన్ని కోళ్లు వారాల తరబడి రెట్టలో వైరస్ వదులుతుంటాయి కాబట్టి ఇదీ పూర్తి హామీ కాదు. రాత్రి గురక వినిపిస్తే పశువైద్యుడికి చూపించండి. ఆ కోడిని అమ్మి వదిలించుకోవడానికి మళ్లీ చౌక్‌కు మాత్రం తేకండి.